రూల్స్ మార్చుకుందాం, కానీ టాస్‌కి ముందు

గల్లీ క్రికెట్ ఆడిన ఎవరికైనా ఒక విషయం తెలుసు. అసలు క్రికెట్ రూల్స్ పుస్తకం మన సందుకి పనికిరాదు. ఎదురింటి గోడ దాటి బంతి లోపల పడితే అవుట్, ఎందుకంటే ఆ ఇంటి ఆంటీ బంతి తిరిగివ్వరు. ఏడుగురే వస్తే ఒకడు జోకర్, రెండు టీముల్లోనూ బ్యాటింగ్ చేస్తాడు. చిన్నపిల్లలకి మొదటి బంతి ట్రయల్. ఇవేవీ ఎవరూ రాసిపెట్టలేదు, అయినా ప్రతి సందులోనూ ఉన్నాయి. ఇంకో విషయం కూడా అందరికీ తెలుసు. ఈ రూల్స్ అన్నీ టాస్‌కి ముందే చెప్పుకోవాలి. తను అవుటయ్యాక 'ఇక్కడ వన్ టిప్ లేదు మామా' అన్నవాడితో గొడవ ఖాయం.

నేను రాయబోయేది క్రికెట్ గురించి కాదు, టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ గురించి. కానీ చెప్పాల్సిన మాట మాత్రం ఇదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు ఒక టేబుల్ చుట్టూ కూర్చుంటారు. మా హాస్టల్లో టేబుల్ లేదు కాబట్టి రెండు మంచాలు దగ్గరికి లాగుతాం. ఒకరు డంజన్ మాస్టర్, అంటే డీఎం. ఎక్కడ ఉన్నాం, ఎదురుగా ఏముంది అని చెప్పేది వాళ్లే. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక పాత్ర. 'నేను తలుపు సందులోంచి లోపలికి చూస్తా' అంటే చూడొచ్చు. 'కాపలావాడికి తెలియకుండా తాళం తీస్తా' అంటే మాత్రం అవుతుందో లేదో సందేహమే కాబట్టి ఇరవై ముఖాల పాచిక వేయాలి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇదంతా మొదలైంది. స్ట్రేంజర్ థింగ్స్ మొదట్లో పిల్లలు బేస్‌మెంట్‌లో ఆడేది అదే.

ఇప్పుడు నా వాదన. ఒక్కో గుంపు ఒక్కోలా ఆడాలనుకుంటుంది, కాబట్టి రూల్స్ మార్చుకోవడం తప్పు కాదు, అవసరం. కానీ ఏ రూల్ మార్చినా ఎవరికో లాభం, ఎవరికో నష్టం జరుగుతుంది. అందుకే ఆ మార్పు డీఎం మనసులో రహస్యంగా జరగకూడదు. టేబుల్ మీద, అందరి ముందూ, ఆట మొదలవకముందే జరగాలి.

పాయింట్లు దేనికిస్తే ఆట అదే అవుతుంది

సీఎస్ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌లో ఏజెంట్‌కి 'మంచిగా ఆడు' అని చెప్పం. రివార్డ్ ఫంక్షన్ రాస్తాం. అది దేనికి మార్కులిస్తే ఏజెంట్ దాన్నే చేస్తుంది. మనుషులూ అంతే. ఎగ్జామ్‌లో వచ్చేదే చదువుతాం కదా, సిలబస్ ఎంతున్నా.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ చరిత్రలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. టామ్ మోల్డ్‌వే ఎడిట్ చేసిన 1981 నాటి బేసిక్ రూల్స్‌లో, సంపాదించి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో ఎక్స్‌పీరియెన్స్ పాయింట్. ఒక గాబ్లిన్‌ని చంపితే 5 పాయింట్లు. ఫైటర్ రెండో లెవెల్‌కి వెళ్లాలంటే 2000 పాయింట్లు కావాలి. పాయింట్లన్నీ ఒక్కడికే వస్తాయనుకుని లెక్కేసినా, చంపుకుంటూ పోతే 400 గాబ్లిన్లు. వాడి దగ్గర కత్తి ఒక్కటి, ప్రాణం ఒక్కటి. అందుకే ఆ రోజుల్లో తెలివైన ఆటగాళ్లు పోట్లాడేవాళ్లు కాదు. దొంగతనంగా వెళ్లి, బేరాలాడి, మోసం చేసి, బంగారం పట్టుకుని బయటపడేవాళ్లు. కత్తి దూయడమంటే ప్లాన్ ఫెయిలైందని అర్థం.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ చూడండి. గాబ్లిన్‌కి 50 పాయింట్లు, రెండో లెవెల్‌కి 300 చాలు, బంగారానికి పాయింట్లు లేవు. ఆరు గాబ్లిన్లతో పనైపోతుంది. ఇక దాక్కుని వెళ్లడం ఎందుకు? తలుపు తన్ని లోపలికి వెళ్తాం.

అదే గాబ్లిన్, అదే గుహ, అదే కత్తి. మారింది ఒక్క పాయింట్ల పట్టిక. దాంతో దొంగల కథ కాస్తా యుద్ధం కథ అయింది. రెంట్లో ఏది గొప్పదని నేను అనట్లేదు. మీ గుంపుకి ఏది కావాలో తెలిస్తే ఏ పట్టిక కావాలో తెలుస్తుందంటున్నాను. 'మావాళ్లు ఎప్పుడూ కొట్లాటే, కథ పట్టించుకోరు' అని వాపోయే డీఎంలు ముందు తాము పాయింట్లు దేనికిస్తున్నారో చూసుకోవాలి. కథలో ఒక మలుపు దాటినప్పుడల్లా లెవెల్ ఇచ్చే పద్ధతిని ఐదో ఎడిషన్ పుస్తకమే ఒక ఆప్షన్‌గా ఇచ్చింది. దాన్ని మైల్‌స్టోన్ అంటారు. అది పెట్టి చూడండి, రెండు వారాల్లో కొట్లాటలు తగ్గుతాయి.

విశ్రాంతి రూల్ కూడా ఇలాంటిదే. మామూలుగా ఒక రాత్రి, అంటే 8 గంటలు పడుకుంటే గాయాలన్నీ మాయం. డంజన్ మాస్టర్స్ గైడ్‌లో దీనికి ఇంకో రూపం ఉంది. అందులో చిన్న విశ్రాంతికే 8 గంటలు, పూర్తి విశ్రాంతికి 7 రోజులు. ఈ ఒక్క అంకె మారిస్తే ప్రతి దెబ్బకీ విలువ వస్తుంది. వారం రోజులు ఎక్కడ ఉంటాం, ఎవరు అన్నం పెడతారు, ఈలోగా శత్రువు ఏం చేస్తాడు అనే ప్రశ్నలు మొదలవుతాయి. కథ నెమ్మదిస్తుంది, బరువెక్కుతుంది. కానీ శుక్రవారం రాత్రి ల్యాబ్ రికార్డులు రాసి అలిసిపోయి, రెండు గంటలు సరదాగా రాక్షసుల్ని నరుకుదాం అని వచ్చిన గుంపుకి ఇదే రూల్ శిక్ష.

క్లూ దొరక్కపోతే కథ ఎక్కడికి పోవాలి?

డిటెక్టివ్ కథ ఆడాలంటే ఇంకో చిక్కుంది. హంతకుణ్ని పట్టుకోవాలంటే వరసగా నాలుగు క్లూలు దొరకాలనుకుందాం. ఒక్కోదానికి 15 రావాలి, మన పాత్రకి 5 బోనస్. అంటే పాచిక మీద 10 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి. అది 20లో 11 అవకాశాలు, 55 శాతం. సగం కన్నా ఎక్కువే కదా, బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ నాలుగూ దొరకాలంటే 0.55ని నాలుగుసార్లు గుణించాలి. వచ్చేది 9 శాతం. అంటే పదిలో తొమ్మిదిసార్లు మన డిటెక్టివ్‌లు గదిలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కొట్లాటలో ఒక దెబ్బ తప్పితే ఇంకో దెబ్బ వేయొచ్చు. క్లూ తప్పితే కథే ఆగిపోతుంది. ఒకే పాచిక రూల్ ఒకచోట థ్రిల్ ఇస్తే, ఇంకోచోట గోడ కడుతుంది.

దీనికి వేరువేరు మందులున్నాయి. జస్టిన్ అలెగ్జాండర్ అనే డిజైనర్ చెప్పే 'మూడు క్లూల రూల్' ఒకటి. ఆటగాళ్లు కనుక్కోవాల్సిన ప్రతి విషయానికీ కనీసం మూడు దారులు పెట్టమంటాడు. అదే లెక్క మళ్లీ వేద్దాం. మూడు దారుల్లో ఒక్కటైనా పనిచేసే అవకాశం దాదాపు 91 శాతం. నాలుగు విషయాలూ తెలిసే అవకాశం 68 శాతం. రూల్ పుస్తకంలో ఒక్క అక్షరం మార్చకుండా, కథ రాసే పద్ధతి మార్చి 9ని 68 చేశాం.

రాబిన్ లాస్ చేసిన గమ్‌షూ పద్ధతి ఇంకా ముందుకెళ్లింది. సరైన నైపుణ్యం ఉన్న పాత్ర సరైన చోట వెతికితే క్లూ దొరికినట్టే, పాచికతో పనిలేదు. దొరికిన క్లూకి అర్థమేంటో తేల్చుకోవడమే ఆట. 1981 నాటి కాల్ ఆఫ్ కతుల్హు లోకాన్నే తీసుకుని 2008లో కెన్నెత్ హైట్ ఈ పద్ధతిలో ట్రయిల్ ఆఫ్ కతుల్హు రాశాడు. లోకం అదే, భయం అదే, రూల్ వేరు. మొదటిదానిలో 'క్లూ దొరుకుతుందా' అని టెన్షన్. రెండోదానిలో 'దొరికింది, ఇప్పుడేంటి' అని టెన్షన్.

మాటకారులకే ఎందుకు గెలుపు?

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మన కాలేజీల్లో ఆడేవాళ్లకి ఇది అమెరికన్ పుస్తకాలు చెప్పని సమస్య.

చాలా గుంపుల్లో ఒక ఆలోచన ఉంటుంది. కొట్లాటకి పాచికలు ఉంచుదాం, మాటలకి మాత్రం పాచికలు వద్దు, నిజంగానే మాట్లాడదాం. రాజుగారిని ఒప్పించాలా? లేచి నిలబడి ఒప్పించు. వినడానికి చాలా బాగుంది. నటన వస్తుంది, కథ పండుతుంది.

కానీ ఇది ఎవరి ఆట అవుతుందో గమనించండి. ఇంగ్లిష్ మీడియంలో చదివి, స్కూల్లో డిబేట్లు చేసి, సిరీస్‌లు చూసి డైలాగులు వంటబట్టినవాళ్ల ఆట అవుతుంది. నేనూ ఆ బాపతే, నాకు ఆ రూల్‌తో లాభమే. మా గుంపులో ఒకడు పది దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం. వాడికి బార్డ్ పాత్ర అంటే ఇష్టం. బార్డ్ అంటే పాటతో, మాటతో మనసులు మార్చేవాడు. క్యారెక్టర్ షీట్‌లో వాడి మాటకారితనం అందరికన్నా ఎక్కువ. కానీ 'నిజంగా మాట్లాడు' అన్న క్షణం ఆ షీట్ చిత్తుకాగితం అయిపోతుంది. పక్కనున్న ఫైటర్, షీట్ ప్రకారం నోరు తెరిస్తే గొడవ తెచ్చేవాడు, గడగడా ఇంగ్లిష్‌లో మాట్లాడి రాజుని ఒప్పించేస్తాడు.

నిజజీవితంలో బరువులెత్తలేనివాణ్ని 'ముందు ఈ మంచం ఎత్తి చూపించు, అప్పుడు నీ ఫైటర్ తలుపు పగలగొడతాడు' అని ఎవరూ అడగరు. మాటల దగ్గర మాత్రం ఎందుకు అడుగుతాం? వైవాలూ ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలూ మనల్ని ఎలాగూ నోటితోనే కొలుస్తాయి. కనీసం ఆటలోనైనా మనం కానిది అయ్యే హక్కు ఉండాలి కదా. 1981 బేసిక్‌లోనే ఎదురైన ప్రాణి స్నేహంగా ఉంటుందా, దాడి చేస్తుందా అని తేల్చడానికి రెండు పాచికల పట్టిక ఉంది. అంటే నోటి పనికి పాచిక వాడటం ఈ ఆటలో కొత్తేమీ కాదు.

అలాగని నటన తీసేయమనట్లేదు. వరస మారిస్తే చాలు. మా గుంపులో కుదిరిన పద్ధతి ఇది: ముందు పాచిక, తర్వాత డైలాగ్. ఆటగాడు ఒక్క వాక్యంలో రెండు విషయాలు చెప్పాలి. నాకేం కావాలి, ఎదుటివాడి దేన్ని పట్టుకుని అడుగుతున్నాను. 'కోట తలుపు తీయించాలి, కాపలావాడికి కూతురంటే ప్రాణం, ఆ సంగతి ఎత్తుతా.' అంతే. ఏ భాషలోనైనా సరే. పాచిక వేస్తాం. గెలిచాడో ఓడాడో తెలిశాక, ఇష్టమైతే ఆ సీన్ నటిస్తాడు, లేకపోతే డీఎం చెప్పేస్తారు. గెలుస్తానని ముందే తెలిసినవాడికి తడబాటు ఉండదు. మావాడు ఇప్పుడు మేమెవరం ఆపినా ఆగడు.

ఇందులోంచే ఇంకో రూల్ పుట్టింది, ఇది అచ్చంగా తెలుగు రూల్. ఇంగ్లిష్‌లో అందరూ 'యూ'నే. మనకి నువ్వు, మీరు, తమరు ఉన్నాయి. అన్నా, బాబాయ్, పెద్దాయనా, అమ్మా, తల్లీ ఉన్నాయి. ముక్కూమొహం తెలియని ఆటోడ్రైవర్‌తో 'అన్నా' అనగానే బేరం సగం తెగుతుంది. ఇది మన దగ్గర నిజంగా పనిచేసే మెకానిక్. అందుకే ఎదుటి పాత్ర వయసు, హోదా, మూడ్ చూసి సరైన పిలుపుతో పిలిస్తే అడ్వాంటేజ్ ఇస్తాం, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. ఇందాకటి 55 శాతం దాదాపు 80 అవుతుంది. గర్వంగా ఉన్న జమీందారుని 'బాబాయ్' అంటే మాత్రం చిన్నది తీసుకోవాలి. ఈ రూల్‌లో అందరికన్నా ముందున్నది ఎవరో చెప్పక్కర్లేదు. ఊళ్లో పెరిగినవాళ్లకి ఏ వరస ఎక్కడ వాడాలో పుస్తకం చదవకుండానే తెలుసు. ఇంగ్లిష్ మీడియం బ్యాచ్ మేమే తడుముకుంటున్నాం.

అవును, ఇదీ ఒక రకం మాటకారితనానికే బోనస్. నేను మొదట చెప్పింది అదే కదా, ప్రతి రూల్ ఎవరో ఒకరి వైపు మొగ్గుతుంది. ఎటు మొగ్గుతుందో తెలిసి, అందరూ ఒప్పుకుని పెట్టుకున్నామా అన్నదే తేడా.

తెర వెనక పాచిక

'ఇంత చర్చ ఎందుకు బ్రో, డీఎం మాటే ఫైనల్, వాళ్లే సందర్భాన్నిబట్టి చూసుకుంటారు' అనేవాళ్లు ఉంటారు. దీన్ని రూల్ జీరో అంటారు. డీఎం ముందు ఒక అట్టతెర ఉంటుంది, దాని వెనక పాచిక వేసి, పడిన అంకె నచ్చకపోతే మార్చి చెప్పొచ్చు. 2014 గైడ్ కూడా ఈ వెసులుబాటు ఇస్తుంది. ఉద్దేశం మంచిదే. ఆరు నెలలు ఆడిన పాత్ర ఒక పిచ్చి పాచికకి చచ్చిపోతే ఎవరికి బాగుంటుంది?

ఆ బాధ నిజమే, కానీ ఆ మందు నాకు నచ్చదు. డీఎం జాలి ఎప్పుడూ సమానంగా పంచబడదు. ఎవరు ఫ్రెండో, ఎవరు మొహం మాడ్చుకుంటారో, ఎవరు గట్టిగా అరుస్తారో వాళ్లవైపు తెలియకుండానే వంగుతుంది. మౌనంగా కూర్చున్నవాడి పాత్రే రూల్ ప్రకారం చస్తుంది. పైగా ఒకసారి తెర వెనక అంకెలు మారుతున్నాయని తెలిస్తే, ఆ తర్వాత గెలిచిన ప్రతి గెలుపు మీదా అనుమానమే.

చావు వద్దనుకుంటే చావు వద్దని రూల్ రాసుకోండి. 'ఈ క్యాంపెయిన్‌లో ఎవరూ పాచిక వల్ల చావరు. చావాల్సిన చోట ఒక చెయ్యి, ఒక ఆయుధం, ఒక స్నేహితుడు, ఏదో ఒకటి శాశ్వతంగా పోతుంది. ఏది పోవాలో ఆటగాడే ఎంచుకుంటాడు.' ఇప్పుడు తెర అక్కర్లేదు, పాచిక అందరి ముందూ వేయొచ్చు. కథా చెడలేదు, నమ్మకమూ చెడలేదు.

పుస్తకం అక్షరం పొల్లుపోకుండా ఆడాలనేవాళ్లని కూడా నేను వెక్కిరించను. అదీ ఒక ఆట తీరే. 1970ల చివర్లో గైగాక్స్ అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు అన్ని టేబుళ్లలో ఒకే రకం రూల్స్ ఉండాలని కోరుకున్నాడు. టోర్నమెంట్లు పెట్టాలంటే అలాగే ఉండాలి మరి. స్టేడియంలో గల్లీ రూల్స్ కుదరవు, గల్లీలో స్టేడియం రూల్స్ కుదరవు.

'అంత మార్చే బదులు వేరే గేమ్ ఆడొచ్చుగా' అన్నది ఇంకో మాట. ఇందులో న్యాయం ఉంది. భయం కథ కావాలంటే 2005లో వచ్చిన డ్రెడ్ ఉంది, అందులో పాచికే లేదు. చెక్కముక్కలు పేర్చిన జెంగా బురుజులోంచి ఒక్కో ముక్క లాగాలి, బురుజు కూలితే నీ పాత్ర కథలోంచి అవుట్. చేతులు నిజంగానే వణుకుతాయి. దోపిడీ కథ కావాలంటే జాన్ హార్పర్ రాసిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఉంది. ముందు గంటసేపు ప్లాన్ వేయక్కర్లేదు, దొంగతనం మధ్యలో 'ఈ కాపలావాడికి నిన్ననే లంచం ఇచ్చాను' అని ఫ్లాష్‌బ్యాక్ వేయొచ్చు, దానికి కొంత ఒత్తిడి మూల్యంగా చెల్లించాలి. అదే హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ రూల్స్ మొత్తం ఒక్క పేజీ. ఇవి చూస్తే మన ఆటలోకి ఏం తెచ్చుకోవచ్చో తెలుస్తుంది. కానీ ప్రతిసారీ కొత్త పుస్తకం కొని, చదివి, ఐదుగురికీ నేర్పడం సెమిస్టర్ మధ్యలో అయ్యే పని కాదు. ఒక్క రూల్ మారిస్తే సరిపోయేదానికి గేమ్ మొత్తం మార్చక్కర్లేదు.

చేసే పద్ధతి మనకి బాగా తెలిసిందే. మొదటి రోజు పాత్రలు తయారుచేసుకునేటప్పుడే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆట అయ్యాక ఏది గుర్తుండాలి? ఓడిపోతే ఏం పోవాలి? మన గుంపులో ఎవరు తక్కువ మాట్లాడతారు, ఈ రూల్‌తో వాళ్లకేం అవుతుంది? ఆ తర్వాత ఒకసారికి ఒక్క రూలే మార్చండి. ఐదు మార్పులు ఒకేసారి కమిట్ చేస్తే బగ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రెండు సెషన్లు ఆడి చూడండి, నచ్చకపోతే రోల్‌బ్యాక్. మార్పు ఎవరికి నచ్చలేదో అడిగేటప్పుడు, ముందు తక్కువ మాట్లాడేవాళ్లని అడగండి.

చివరగా మన క్లబ్‌కి ఒక మాట. 2023 జనవరిలో ఐదో ఎడిషన్ మూల రూల్స్ పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో చెప్తే చాలు, ఎవరైనా దాన్ని మార్చుకోవచ్చు, అనువదించుకోవచ్చు, పంచుకోవచ్చు. మన దగ్గర తెలుగు బాగా వచ్చినవాళ్లు ఉన్నారు, లెక్కలు వచ్చినవాళ్లు ఉన్నారు, రాత్రి రెండు దాకా మేలుకునేవాళ్లయితే అందరూ ఉన్నారు. పది పేజీల తెలుగు రూల్ పుస్తకం రాయడానికి ఇంకేం కావాలి? పిలుపుల పట్టిక మేము ఇస్తాం. ఏ ప్రాంతంలో ఎవరిని ఏమని పిలుస్తారో శ్రీకాకుళం వాళ్లు, అనంతపురం వాళ్లు, ఆదిలాబాద్ వాళ్లు వచ్చి సరిదిద్దాలి. వాదనలు ఎన్నైనా పెట్టుకుందాం, టాస్‌కి ముందు.